మా అత్త చెయ్యి తగల్లేదు

ఆ బండి కొనాలని పట్టుబట్టింది మా అత్తే. అప్పటిదాకా మాకొక స్కూటరు ఉండేది. ఎవరింటికైనా పెళ్ళికి వెళ్ళాలంటే మా ఆయనా, నేనూ, పాపా దాని మీద ముందు వెళ్ళేవాళ్ళం. అత్త సంచి పట్టుకుని బస్సెక్కి వెనకాల వచ్చేది. మామ పోయాక ఆమెకు ఆ ఒంటరి ప్రయాణం అస్సలు నచ్చలేదు. "ఒగ ఇంట్లోంచి బయల్దేరి రెండు తావుల్లో దిగేదేంది? చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అని సణిగేది.

మేముండేది చిత్తూరులో. పాకాల దగ్గర మాకు మామిడితోట ఉంది. మా ఆయన ఆ తోట చూసుకుంటూ, కాయల కాలంలో వ్యాపారం చేసేవాడు. నేను హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా జిల్లాలో చాలామంది ఎత్తుగా, జీపులా ఉండే పెద్ద బండ్లు కొనడం మొదలుపెట్టారు. ఇంటిల్లిపాదీ కూర్చోవచ్చు, తోటలోకీ పోవచ్చు, కొండా ఎక్కవచ్చు. మేమూ అలాంటిదే ఒకటి తిరుపతి షోరూములో తీసుకున్నాం. అందరిలాగే కాణిపాకం తీసుకువెళ్ళి పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకున్నాం.

ఆ బండిలో ముందు ఇద్దరు, మధ్యలో ముగ్గురు కూర్చోవచ్చు. ఆ వెనక, డిక్కీ ఉండాల్సిన చోట, ఎదురెదురుగా రెండు చిన్న సీట్లు ఉండేవి. అందులోకి ఎక్కాలంటే బండి వెనకనుండే పెద్ద డోరు తెరవాలి. మా అత్త మొదటిరోజే ఆ వెనక సీటు తనదని చెప్పేసింది. కాళ్ళు బారజాపుకోవచ్చు, రెండు పక్కల అద్దాల్లోంచి దారంతా చూడవచ్చు. ఎదురుసీట్లో మనవరాలు. దారి పొడుగునా ఇద్దరూ పల్లీలు ఒలుచుకుని తింటూ, ఎవరి ఊరు ఎక్కడొస్తుందో చెప్పుకుంటూ వచ్చేవాళ్ళు.

కొన్న కొన్నాళ్ళకే, తోట నుంచి కాయలు వేసుకుని వస్తున్నప్పుడు, పాకాల రైల్వేగేటు దాటగానే వెనక డోరు దానంతటదే తెరుచుకుంది. గోతం మూతి విప్పుకుని మామిడికాయలు రోడ్డంతా దొర్లాయి. గేటు దగ్గర నిలబడినవాళ్ళు నవ్వుతూ ఏరి ఇచ్చారు. మేమూ నవ్వాం. డోరు సరిగ్గా వెయ్యలేదేమోనని మా ఆయన అనుకున్నాడు. తిరుపతి వెళ్ళినప్పుడు సర్వీసు సెంటర్లో ఆ మాట చెబితే, నూనె వేసి, గట్టిగా వెయ్యాలి సార్ అని పంపించారు. అప్పటినుంచి మా ఆయన డోరు దడేల్మని వేసి, చేత్తో రెండుసార్లు లాగి చూసుకుని గానీ బండి కదిపేవాడు కాదు.

అంత జాగ్రత్తగా వేసిన డోరు పూతలపట్టు మలుపులో మళ్ళీ తెరుచుకుంది. వెనక సీట్లలో ఎవరూ లేరు. నేను దిద్దడానికి తెచ్చుకున్న పరీక్ష పేపర్ల కట్ట ఒకటి ఉంది. ఈసారి నేనూ సర్వీసు సెంటర్‌కు వెళ్ళాను. మేనేజరు చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, కూల్‌డ్రింక్ తెప్పించాడు. వెనక బరువు ఎక్కువేస్తే ఒక్కోసారి ఇలా అవుతుంది మేడమ్ అన్నాడు. బరువేమీ లేదు, పేపర్ల కట్టే ఉందన్నాను. అలాగా అని, లోపలికి వెళ్ళి, ఎవరితోనో మాట్లాడి వచ్చి, స్క్రూలు బిగించామని చెప్పాడు. ఇక రాదని హామీ ఇచ్చాడు. ఇలా ఇంకెవరికైనా అయిందా అని అడిగాను. మీదే మొదటి కంప్లయింటు అన్నాడు.

ఆ మాట అబద్ధమని తెలిసింది చాలా తర్వాత. కానీ ఆ రోజు నేను నమ్మాను. తెల్ల చొక్కా వేసుకుని, మెడలో కార్డు తగిలించుకుని, అంత నెమ్మదిగా మాట్లాడే మనిషి ప్రాణాలతో పనున్న విషయంలో అబద్ధమాడతాడని ఎవరనుకుంటారు?

పలమనేరులో మా అత్త చెల్లెలు ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి పొద్దున్నే బయల్దేరాం. అత్త కొత్త పట్టుచీర కట్టుకుని ఎప్పటిలా వెనక ఎక్కింది, ఎదురుగా పాప. బంగారుపాళెం దాటాక పాప కడుపులో తిప్పుతోందంటే బండి ఆపి, దాన్ని తెచ్చి నా ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. మా ఆయన వెనక డోరు వేసి, లాగి చూసి వచ్చి కూర్చున్నాడు. లాగి చూడటం నేను నా కళ్ళతో చూశాను.

మొగిలి ఘాటురోడ్డు ఎక్కుతున్నాం. మా ముందు బండరాళ్ళ లారీ ఒకటి పాకుతూ పోతోంది. దాని వెనక మేమూ చిన్న గేరులో మెల్లగా ఎక్కుతున్నాం. ఒక మలుపులో ఉన్నట్టుండి బండిలోకి గాలి వచ్చింది. డోరు తెరుచుకున్న చప్పుడు కూడా నాకు వినిపించలేదు. వెనక్కి తిరిగి చూస్తే సీటు ఖాళీగా ఉంది. డోరు అటూ ఇటూ ఊగుతోంది. దాని అవతల రోడ్డూ, రోడ్డు మీద ఎర్రంచు పట్టుచీరా కనిపించాయి.

మా వెనక వస్తున్న బస్సు డ్రైవరు ఎట్లా ఆపాడో ఆపాడు. ముందు చక్రానికీ మా అత్తకూ మధ్య ఒక మనిషి పడుకునేంత ఎడం కూడా లేదు. బస్సులోని వాళ్ళందరూ దిగి వచ్చారు. నేను పరిగెత్తి వెళ్ళేసరికి ఆమె కళ్ళు తెరిచే ఉంది. నన్ను చూసి, "పాప యాడుండాది?" అని అడిగింది. నా దగ్గరే ఉందని చెప్పాక కళ్ళు మూసుకుంది.

ఆ ఎదురుసీట్లో పాపే ఉండి ఉంటే అన్న ఆలోచన నాకు ఈ రోజుకీ వస్తుంది. వచ్చినప్పుడల్లా భయం కన్నా ముందు కోపం వస్తుంది.

వేలూరు పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాం. ఎడమ తుంటి ఎముక విరిగింది. మణికట్టు కూడా. ఆపరేషను చేసి లోపల ప్లేటు వేశారు. చూడటానికి వచ్చిన బంధువుల్లో సగం మంది, అంత పెద్దామెను వెనకాల ఎందుకు కూర్చోబెట్టారని మమ్మల్నే అడిగారు. కూర్చోవడానికి కాకపోతే అక్కడ సీటెందుకు పెట్టారని ఒక్కరూ అడగలేదు.

షోరూమువాళ్ళకు చెబితే, కంపెనీ ఇంజనీరు మద్రాసు నుంచి వచ్చి చూస్తాడన్నారు. ఆయన వచ్చిన రోజు నేను సెలవు పెట్టి మా ఆయనతో తిరుపతి వెళ్ళాను. షోరూము వెనక సిమెంటు నేల మీద, చదునుగా ఉన్నచోట మా బండి నిలబెట్టారు. ఇంజనీరు డోరు తెరిచాడు, వేశాడు, మళ్ళీ తెరిచాడు, వేశాడు. టార్చి వేసి లాక్ లోపల చూశాడు. ఆ తర్వాత మేనేజరుతో తమిళంలో ఏదో మాట్లాడాడు. చిత్తూరువాళ్ళకు తమిళం రాదనుకున్నాడో ఏమో. ముసలామె చెయ్యి లోపలి హ్యాండిలుకు తగిలిందని రాసెయ్యమన్నాడు.

మేనేజరు మా వైపు తిరిగి అదే మాట తెలుగులో, ఎంతో మెత్తగా చెప్పాడు. లాక్‌లో లోపమేమీ లేదట. ఘాట్లో మలుపు తిరిగేటప్పుడు పెద్దావిడ పట్టుకోసం చెయ్యి చాపి ఉంటుందట, హ్యాండిలు లాగి ఉంటుందట. పాపం, పెద్దవాళ్ళకు తెలియదు కదా అన్నాడు.

మా ఆయన ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు కూడా పెంచలేదు. ఇంజనీరు వైపు చూసి, "సార్, బండి నేను తోల్తా. మీరు ఆ వెనక సీట్లో కూర్చోండి. చేతులు కట్టుకోనే కూర్చోండి, దేన్నీ ముట్టుకోవద్దు. మొగిలి ఘాటు ఎక్కి దిగొస్తాం. లోపం లేదంటిరి కదా, రాండి" అన్నాడు.

ఇంజనీరు నవ్వాడు. తనకు మధ్యాహ్నం రైలుందన్నాడు. పోనీ తిరుమల ఘాటు పక్కనే కదా, గంటలో వచ్చేద్దామన్నాడు మా ఆయన. అలా కస్టమర్ బండిలో టెస్టు చెయ్యడానికి కంపెనీ ఒప్పుకోదన్నాడాయన. మా అత్తను కూర్చోబెట్టడానికి ఒప్పుకున్న కంపెనీ తన మనిషిని కూర్చోబెట్టడానికి ఒప్పుకోలేదు. దానికి మించిన సాక్ష్యం ఏం కావాలో నాకర్థం కాలేదు.

ఈ మాట అత్తకు చెప్పకుండా దాచుదామన్నాడు మా ఆయన. ఆమె అడిగింది, నేను చెప్పేశాను. తుంటి విరిగినప్పుడు కూడా ఏడవని మనిషి ఆ మాటకు ఏడ్చింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "నా ఒగ చేతిలో పల్లీల పొట్లం, ఇంగో చేత్తో ముందు సీటు పట్టుకోనుండా. మూడో చెయ్యి యాడిది నాకు? పడింది నేను, తప్పు కూడా నాదేనా?" అంది. ఆ రోజు నుంచి ఆమెకు నొప్పి సంగతి వెనక్కిపోయింది. తన చెయ్యి తగల్లేదని వాళ్ళ నోటితో చెప్పించాలన్నదొక్కటే పట్టుకుంది.

ఆ తర్వాత కొద్దిరోజులకే మా ఆయన నగరిలో ఒక పెళ్ళికి వెళ్ళాడు. మండపం బయట మా బండిలాంటిదే ఒకటి ఆగి ఉంది. దాని వెనక డోరుకు నూలు తాడు పేని, లోపలి సీటు కాలికి బిగించి కట్టారు. ఆ బండాయనకు మరమగ్గాలున్నాయి. అడిగితే, మీకూ తెరుచుకుంటా ఉండాదా అని ఎదురడిగాడట. ఆయన షోరూముకు మూడు దఫాలు వెళ్ళాడు. ప్రతిసారీ మీదే మొదటి కంప్లయింటు అని చెప్పారట.

మా ఆయన ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పగానే అత్త తనను కాణిపాకం తీసుకుపొమ్మంది. మొక్కేమైనా ఉందేమో అనుకున్నాను. ఆమెకు కావలసింది గుడి కాదు, బండ్లు ఆగే మైదానం. నాలుగు దిక్కుల నుంచీ బండ్లు వచ్చేది అక్కడికే కదా అంది. ఆదివారం ఆటో మాట్లాడుకుని వెళ్ళాం. ఆమెను వాకరు పట్టించి నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, మేము బండ్ల మధ్య తిరిగాం. మా బండిలాంటివి కనబడితే చాలు, వెనక్కి వెళ్ళి చూడటం. ఒకదానికి కొబ్బరితాడు. ఒకదానికి సైకిలు గొలుసూ తాళమూ. మదనపల్లె నుంచి వచ్చిన ఒక రైతు ఏకంగా ఇంటి తలుపుకు వేసే ఇనుప గడియ తెచ్చి వెల్డింగు చేయించుకున్నాడు. లక్షలు పోసి కొన్న బండి తలుపుకు గొడ్లకొట్టం గడియ! ఆయన దాన్ని తన తెలివిగా నవ్వుతూ చూపించాడు. నాకు నవ్వు రాలేదు. ఆ గడియ బయటనుంచి వేస్తే, రేపు బండి బోల్తా పడితే లోపలున్న పిల్లలు ఎట్లా బయటికొస్తారు? ఈ మాట అడిగితే ఆయన మొహం మారిపోయింది.

వాళ్ళందరినీ ఒక్కొక్కరిగా అత్త దగ్గరికి తీసుకొచ్చాం. ఆమె తన కాలు చూపించి జరిగింది చెప్పింది. అందరికీ షోరూములో ఒకటే జవాబు: మీదే మొదటిది. ఎవరికి వాళ్ళు తమ బండికే ఏదో దోషం తగిలిందనుకుని, తాళ్ళు కట్టుకుని, దేవుడికి దండం పెట్టుకుని తిరుగుతున్నారు.

తర్వాతి సోమవారం అందరం బండ్లు వేసుకుని తిరుపతి వెళ్ళాం. తాళ్ళూ గొలుసులూ అలాగే ఉంచుకుని, వెనక డోర్లు రోడ్డు వైపు కనబడేలా షోరూము ముందు వరసగా నిలబెట్టాం. మా అత్త వాకరు మీద లోపలికి నడిచి వెళ్ళి, కొత్త బండి కొనడానికి వచ్చినవాళ్ళు కూర్చునే సోఫాలో కూర్చుంది. ఎవరినీ తిట్టలేదు. ఎవరొచ్చినా, మీకు చిన్నపిల్లలుండారా అని అడిగి, తనకు జరిగింది చెప్పడం మొదలుపెట్టింది. రేణిగుంట నుంచి వచ్చిన ఒక జంట ఆమె మాటలు విని లేచి వెళ్ళిపోయారు. మేనేజరు పరుగున వచ్చాడు. అమ్మా, లోపల నా రూములో మాట్లాడుకుందాం రండి అన్నాడు.

"ఈడనే మాట్లాడు నాయనా," అంది అత్త. "నా చెయ్యి తగిలి తెరుచుకునిందని నువ్వు చెప్పినావంట. నాతో కాణిపాకం రా. బావి ముందర ఇద్దరం తానం చేసి నిలబడదాం. నా చెయ్యి తగల్లేదని నేను ప్రమాణం చేస్తా. తగిలిందని నువ్వు చెయ్యి."

కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేస్తే ఏమవుతుందో తిరుపతిలో బతికేవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మేనేజరు తల దించుకున్నాడు. తాను ఉద్యోగస్తుణ్ణనీ, పై నుంచి చెప్పమన్నది చెబుతాననీ గొణిగాడు. అతని మీద నాకు ఒక్క క్షణం జాలి కలిగింది. కానీ మాకు అబద్ధం చెప్పినప్పుడు అతను కూడా ఒక్క క్షణం మా పాప మొహం చూసి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం దాకా కూర్చున్నాం. ఒక పత్రిక విలేకరి వచ్చి అందరితో మాట్లాడి, ఫోటోలు తీసుకుపోయాడు. ఆ వార్త రాలేదు. ఆ వారమే అదే పత్రికలో అదే బండి ప్రకటన సగం పేజీ వచ్చింది.

నెల తిరక్కుండా షోరూమువాళ్ళు ఉచిత సర్వీసు క్యాంపు అని ఫోన్లు చేశారు. ఇంజను చూస్తారట, బండి కడుగుతారట, పనిలో పనిగా వెనక డోరు లాక్ కూడా మారుస్తారట. లోపం ఉందని కాదు, కస్టమర్ల సంతృప్తి కోసమట. ఫోన్లు మాకూ, మాతో వచ్చిన వాళ్ళకూ వచ్చాయి. రానివాళ్ళకు, తెలియనివాళ్ళకు రాలేదు. వాళ్ళ పిల్లలు ఎప్పటిలాగే ఆ వెనక సీట్లలో కూర్చుని తిరుగుతున్నారు.

క్యాంపుకు అత్త కూడా వచ్చింది. కొత్త లాక్ పాతదానికన్నా రెండింతలు మందంగా ఉంది. చూస్తేనే తెలుస్తోంది. మెకానిక్కు పాత లాక్ ఊడదీసి పక్కనున్న గోనెసంచిలో వేశాడు. అందులో అప్పటికే బోలెడన్ని ఉన్నాయి. అది మాకివ్వమని అత్త అడిగింది. కుదరదన్నారు. పాతవన్నీ లెక్కగా కంపెనీకి తిప్పి పంపాలని ఆర్డరట.

"చెడిపోనిదే అయితే దాన్ని దాచిపెట్టుకునేది ఎందుకప్పా?" అని అడిగింది మా అత్త.

మెకానిక్కు గోనెసంచి మూతి ముడేశాడు. అది మా బండి సామాను, మేం కొన్నది, మాకివ్వాలని మా ఆయన గట్టిగా పట్టుకున్నాడు. అలాగైతే మీ పాత లాకే బిగించి ఇచ్చేస్తాం, ఇక ఏం జరిగినా మాకు సంబంధం లేదన్నారు. పాపను రోజూ బడికి దింపేది ఆ బండిలోనే. మా ఆయన నా వైపు చూశాడు. నేను అత్త వైపు చూశాను. "మార్పించు అబ్బోడా, బిడ్డ తిరిగే బండి" అని ఆమే చెప్పింది.

అప్పటికే చిత్తూరు వినియోగదారుల ఫోరంలో కేసు వేసి ఉన్నాం. విచారణ వచ్చేసరికి కంపెనీ వకీలు లేచి, లోపమున్న లాక్ ఏదీ, చూపించండి అన్నాడు. మా వకీలు, అది మీ దగ్గరే ఉందన్నాడు. అటువంటిదేదీ తమ దగ్గర లేదన్నారు వాళ్ళు. పాతవన్నీ తుక్కు కింద కరిగించేశారట. ఆ తర్వాత కంపెనీ వకీలు మా అత్త వైపు తిరిగి, ఎంతో గౌరవంగా, అమ్మా, బాగా గుర్తు తెచ్చుకోండి, మీ చెయ్యి హ్యాండిలుకు తగిలిందా అని మళ్ళీ అదే అడిగాడు. తగల్లేదని ఆమె చెప్పింది. రెండోసారి అడిగితే రెండోసారీ అంతే చెప్పింది. ఆధారం లేదని కేసు కొట్టేశారు. పైకోర్టుకు పోదామని నేనన్నాను. ఆ మెట్లు నేనెక్కలేనమ్మా అంది అత్త. ఆమె కాలు అప్పటికి అలాగే అయిపోయింది. ఎడమకాలు కాస్త పొట్టిదై, చేతికర్ర లేకుండా నడవలేకపోయేది. కింద కూర్చోలేకపోయేది. జీవితమంతా నేల మీద పీట వేసుకుని వంట చేసిన మనిషికి గ్యాసు బల్ల ముందు నిలబడి వండటం రాలేదు. వంటింట్లోకి రావడమే మానేసింది.

కొన్నాళ్ళకు అదే కంపెనీ ఆ బండినే కొంచెం మార్చి మళ్ళీ దింపింది. చిత్తూరు బైపాసు దగ్గర పెద్ద బోర్డు పెట్టారు. ఆటోలో వస్తూ అత్త దాన్ని చూసి ఏం రాసుందని అడిగింది. మీ కుటుంబానికి ఇప్పుడు మరింత భద్రం అని రాసుందని చదివి చెప్పాను.

ఆమె ఆటోవాణ్ణి ఆపమంది. "ఇప్పుడు అంటే అప్పుడు లేదనే కదమ్మా. ఇంత పెద్ద అచ్చరాలతో ఊరందరికీ చెప్పేదానికి నోరొచ్చిందే, నాకొక్కదానికి చెప్పేదానికి రాలేదా?" అంది.

ఆటోవాడు ఇక పోదామా అవ్వా అని అడిగాడు. పొమ్మంది. బోర్డు కనుమరుగయ్యేదాకా మెడ తిప్పి దాన్నే చూస్తూ వచ్చింది.